అద్దం అవతల బావ

"చేతులూపాడు మేడమ్. మేం కూడా ఊపాం."

ఆ మాట అన్నది ఆఫీసు టవర్ రిసెప్షనిస్టు. మంచినీళ్ళ సీసా మూత తీసింది, తాగలేదు, మళ్ళీ బిగించింది. మధ్యాహ్నపు ఎండ అద్దాల్లోంచి పడి ఆ హాలంతా కళ్ళు చెదిరేలా ఉంది. అంత వెలుతురులోనూ ఆ పిల్ల చీకట్లో ఒంటరిగా ఉన్న మనిషిలా కుర్చీ అంచున ముడుచుకు కూర్చుంది.

ఎదురుగా కూర్చున్నావిడ తొందరపెట్టలేదు. యాభై దాటిన మనిషి. పొట్టి, బక్కపల్చన. పోలీసు డిపార్టుమెంటులో ఉన్నన్నాళ్ళూ ఆవిడ్ని వెనకాల 'చీమ' అనేవాళ్ళు, చీమ చిటుక్కుమన్నా ఆవిడ చెవిన పడుతుందని. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నాక ఆ పేరు మొహం మీదే పిలవడం మొదలుపెట్టారు, మర్యాదకి చివర 'మేడమ్' తగిలించి.

"ఎందుకు ఊపుతున్నాడని ఎవరూ అనుకోలేదా?" అని అడిగింది చీమ.

"బావ కదా మేడమ్! ఏదో ఒక వేషం వెయ్యకపోతే తిన్నది అరగదు అతనికి. పోయినసారి డ్రిల్లులో స్ట్రెచర్ మీద శవంలా పడుకుని కిందికొచ్చాడు. నిజంగానే పోయాడేమోనని మేం హడలి చస్తుంటే లేచి అందరికీ దండం పెట్టాడు. ఈసారి ఇదో వేషం అనుకున్నాం." ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "అద్దాన్ని గుద్దుతున్నాడు. నోరు తెరిచి అరుస్తున్నాడు. మాకేమీ వినిపించట్లేదు. తర్వాత మెల్లగా కిందికి జారిపోయాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు."

బావ అంటే ఆ టవర్లో కంప్యూటర్ల గది చూసుకునే టెక్నీషియన్. ఎవరు కనిపించినా "ఏం బావా!" అని పలకరించేవాడు. అందుకే అందరికీ బావ అయిపోయాడు. మూడు రోజుల కిందట అగ్నిప్రమాదం డ్రిల్లు జరిగింది. గంట మోగగానే జనమంతా మెట్ల మీదుగా దిగి ముందున్న ఆవరణలో నిలబడ్డారు. సేఫ్టీ ఆఫీసరు మైకులో అంతస్తుల వారీగా లెక్క చూస్తున్నాడు. ఆ సమయంలోనే పదో అంతస్తు మూలగది అద్దం వెనక బావ కనిపించాడు. జనం నవ్వారు. పదో అంతస్తు లెక్కలో ఒకరు తగ్గితే అప్పుడు పైకి పరుగెత్తారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ గదిలో మంట వస్తే నీళ్ళు చల్లకూడదు, కంప్యూటర్లు పాడైపోతాయి. అందుకని పైకప్పులోంచి ఒక గ్యాసు వదులుతారు. అది గదిలో గాలిని తరిమేసి మంటని ఆర్పేస్తుంది. మంటకి కావలసిన గాలే మనిషికీ కావాలి. గ్యాసు వచ్చే ముందు పెద్ద కూత వినబడుతుంది, లోపలున్నవాళ్ళు బయటికి పోవడానికి అరనిమిషం వ్యవధి ఉంటుంది. డ్రిల్లు గంటల గందరగోళంలో గ్యాసు దానంతటదే విడుదలైందనీ, బావ ఆ కూతని డ్రిల్లులో భాగమనుకుని వేళాకోళం ఆడుతూ ఉండిపోయాడనీ పోలీసులు తేల్చారు.

తేలనిది ఒక్క బావ చెల్లెలికే. నిన్న చీమ ఇంటికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది. "ఆ గది మా అన్నయ్యకి వంటిల్లు లాంటిది మేడమ్. కళ్ళు మూసుకుని తిరుగుతాడు. ఆ కూత ఏంటో తెలియకపోవడమేంటి? ముందురోజు రాత్రి అన్నం తింటూ నవ్వాడు. 'రేపు డ్రిల్లులో అందరి ముందూ ఒక తమాషా చూపిస్తా చూడు, మా సేఫ్టీ ఆఫీసరు మొహం చూడాలి అప్పుడు' అన్నాడు."

"నువ్వు తీసిన వీడియో ఇవ్వమ్మా" అంది చీమ.

రిసెప్షనిస్టు ఫోను ముందుకి జరిపి మొహం పక్కకి తిప్పుకుంది. చిన్న బొమ్మలో ఎత్తయిన అద్దపు గోడ, దాని మీద ఆకాశం, ఆ ఆకాశం మధ్యలో ఒక మనిషి. రెండు అరచేతులూ అద్దానికి ఆనించి ఉన్నాయి. చుట్టూ నవ్వులు. మైకులో మెత్తటి మగ గొంతు: "ఆరో అంతస్తు... సరిపోయింది. ఏడో అంతస్తు..." తర్వాత గొంతు ఆగింది. జనం గోలలోంచి సన్నగా, పొడుగ్గా ఒక కీచుశబ్దం. అది ఆగాక కొంతసేపటికి గొంతు మళ్ళీ వచ్చింది, కాస్త ఆయాసంగా.

"ఈ కీచుమన్నదేంటి?"

"మైకు మేడమ్. మా మైకు ఎప్పుడూ కూస్తుంది."

చీమ ఆ ముక్క రెండుసార్లు వింది. వీడియోని తన ఫోనుకి పంపించుకుంది.

"ఏం వదినా, సినిమా చూస్తున్నావా?"

వెనక్కి తిరగక్కర్లేకుండానే తెలిసిపోయింది. స్వయానా మరిది, ఆమె భర్తకి తమ్ముడు. ఆమె ఖాళీ చేసి వచ్చిన ఇన్‌స్పెక్టరు కుర్చీలోనే ఇప్పుడు కూర్చుంటున్నాడు. మీసం దువ్వుకుని, కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని నిలబడ్డాడు.

"సాయంత్రానికి ఫైలు మూసేస్తున్నాను. ఈలోపు కందకి లేని దురద కత్తికెందుకని?"

"కంద చెల్లెలు వచ్చి అడిగింది మరి" అంది చీమ లేస్తూ. "ప్రాణభయంతో ఉన్నవాడు తలుపు దగ్గరికి పరుగెత్తుతాడు. వీడు అద్దం దగ్గరికి ఎందుకొచ్చాడు?"

"కోతివేషాలు వేయడానికి. రెండువేల మంది సాక్షులున్నారు."

"రెండువేల మంది చూశారు, ఒక్కడూ వినలేదు. అలాంటి సాక్ష్యం నాకెందుకు? సరే, డ్రిల్లు రోజు నువ్వూ ఇక్కడే ఉన్నావట?"

"ముఖ్య అతిథిని" అన్నాడు మరిది ఛాతీ విరిచి.

"సేఫ్టీ ఆఫీసరు?"

"నా పక్కనే. మొదట్నుంచీ చివరిదాకా నా పక్కనే." జవాబు ప్రశ్న పూర్తికాకముందే వచ్చేసింది. ఆ సంగతి అతనికీ తెలిసినట్టుంది, గొంతు పెంచాడు. "అన్నయ్య ఇంట్లో ఒక్కడే బిక్కుబిక్కుమంటూ కూర్చుంటాడు, నువ్వు మాత్రం ఊరిమీద పడి నా కేసులన్నీ కెలుకుతుంటావు. గది చూడాలా? చూసుకో. నీ ముచ్చట నేనెందుకు కాదనాలి!"

*

పదో అంతస్తుకి సేఫ్టీ ఆఫీసరే తోడొచ్చాడు. తెల్ల చొక్కా, నున్నగా గీసిన గడ్డం, మెడలో తాడుకి వేలాడుతున్న, వైరు లేని చిన్న మైకు. లిఫ్టులో ఎక్కినవాళ్ళంతా ఆయన్ని చూసి మర్యాదగా నవ్వారు. రోజూ పైకప్పులోంచి వినిపించే గొంతు ఆయనదే మరి. లిఫ్టు ఆగిపోయినా, కరెంటు పోయినా, ఆవరణలో ఎవరి కారు అడ్డొచ్చినా ఆ మెత్తటి గొంతే చెప్పేది. ఆ గొంతు లేవమంటే లేస్తారు, కూర్చోమంటే కూర్చుంటారు.

"చాలా మంచి కుర్రాడు మేడమ్" అన్నాడాయన, తలుపు తీసి పట్టుకుంటూ. "నాకు తమ్ముడి లెక్క."

నడవా ఇరుకు. తలుపు నడవాలోకి తెరుచుకుంటుంది. చీమ లోపలికి పోకుండా ముందు ఆ తలుపుకి ఎదురుగా ఉన్న గోడ చూసింది. నడుమెత్తున రెండు గుంటలు, పక్కపక్కనే. సున్నం పొడి ఇంకా అంచులకి అంటుకునే ఉంది. తలుపు పిడి కింద రంగు గీరుకుపోయింది. నడవా చివర ఒక అల్యూమినియం నిచ్చెన గోడకి ఆనించి ఉంది. దాని కాళ్ళకి ఉండాల్సిన రబ్బరు తొడుగుల్లో ఒకటి లేదు.

నిచ్చెనని అడ్డంగా పెడితే ఒక కొస తలుపుకి, రెండో కొస గోడకి సరిగ్గా సరిపోతుంది. లోపలున్నవాడు ఎంత తోసినా తలుపు రాదు.

చీమ మొహంలో మాత్రం ఏమీ కనబడనివ్వలేదు.

"లోపలికి వెళ్ళొచ్చా?"

"వెళ్ళండి మేడమ్, వెళ్ళండి. నిన్ననే గ్యాసు సిలిండర్లు మళ్ళీ నింపించాం. అంతా మామూలుగానే ఉంది."

ఆవిడ తన చేతిసంచిని కావాలనే గుమ్మంలో, తలుపు మూసుకోకుండా అడ్డుపెట్టి లోపలికి నడిచింది. వరసగా నల్లటి బీరువాల్లాంటి కంప్యూటర్లు, వాటి గుయ్యిమనే రొద. చివర అద్దం. అద్దం మీద జిడ్డు మరకలు ఇంకా తుడవలేదు. అరచేతుల గుర్తులు ఒకదాని మీద ఒకటి, పైనుంచి కిందిదాకా, జారినచోట పొడుగ్గా సాగి ఉన్నాయి. చీమ వాటికి తన చేయి తగలకుండా జాగ్రత్తగా నిలబడి కిందికి చూసింది. ఆవరణలో నడుస్తున్న మనుషులు గోరంత ఉన్నారు. రిసెప్షనిస్టు వాకిట్లో నిలబడి పైకే చూస్తోంది. ఆ పిల్లని అక్కడ నిలబడమని చెప్పి వచ్చింది చీమే.

"ఒక చిన్న సాయం కావాలండీ. ఆ కూత ఒక్కసారి మోగించండి. గ్యాసు లేకుండా కూత మాత్రం మోగించే వీలుంటుంది కదా?"

ఆయన మెడలోని మైకు సర్దుకున్నాడు. "ఉద్యోగులు కంగారు పడతారు మేడమ్."

"మీ మైకులో ఒక్క మాట చెప్తే ఊరుకుంటారు. మీ మాటంటే అంత గురి కదా వాళ్ళకి."

ఆయన నవ్వి, మైకు నోటి దగ్గర పెట్టుకుని, పరీక్ష కోసం ఒక కూత వస్తుందనీ ఎవరూ కంగారు పడొద్దనీ చెప్పాడు. మాటలు పైకప్పు నిండా మెత్తగా పరుచుకున్నాయి. తర్వాత నడవా గోడకున్న పెట్టె తెరిచాడు. అందులో రెండు మీటలు ఉన్నాయి, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. కిందికి వంగి, "మేడమ్, మీ సంచి" అని ఇంకో చేత్తో మర్యాదగా లోపలికి జరిపాడు.

అడ్డు పోయింది. తలుపు తనంతట తాను మెల్లగా వచ్చి మూసుకుంది.

అంతలోనే కూత మొదలైంది. చెవుల్లో సూదులు దింపుతున్నట్టుంది. తలుపు మీద ఎర్రలైటు వెలిగి ఆరుతోంది. పచ్చమీట నొక్కాడా, ఎర్రమీట నొక్కాడా? పచ్చమీటయితే ఇది ఉత్త కూత. ఎర్రమీటయితే అరనిమిషం. ఆవిడ రిసెప్షనిస్టుకి ఫోను చేసింది.

"అమ్మాయ్, బయట ఏమైనా వినిపిస్తోందా? ఫోను చెవి దగ్గర్నుంచి తీసి విను!"

కొద్దిగా ఆగి జవాబొచ్చింది. "లేదు మేడమ్. ఏమీ లేదు. ఎవరూ తలెత్తి కూడా చూడలేదు."

"ఫోనులో?"

"ఫోనులో చెవులు పగిలిపోతున్నాయి. మేడమ్... మేడమ్, ఇది ఆరోజు మైకులో వచ్చిన కూతే! అచ్చం ఇదే!"

కూతని అద్దం బయటికి పోనివ్వదు. అయినా ఆరోజు ఆవరణలో ఆ కూత వినిపించింది. మైకులోంచే వినిపించాలి. అంటే మైకు పట్టుకున్నవాడు ఆ సమయంలో ఆవరణలో లేడు. ఈ తలుపుకి అవతల ఉన్నాడు, ఇప్పుడున్నట్టే.

చీమ పరుగెత్తి తలుపు తోసింది. రాలేదు. భుజం పెట్టి తోసింది. రాలేదు. ఊపిరి బిగపట్టాలా, గట్టిగా పీల్చుకోవాలా అన్నది కూడా తేల్చుకోలేకపోయింది. చిన్నప్పుడు బావిలో పడ్డ దూడని తలుచుకుంది, ఎందుకో తెలియదు.

"ఫోను పెట్టకు" అని అరిచింది, అవతలివాడికి వినబడాలనే. "నేను పదో అంతస్తులో సేఫ్టీ ఆఫీసరుగారితో ఉన్నాను. వింటున్నావా? సేఫ్టీ ఆఫీసరుగారితో!"

కూత ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆయన పిడి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇద్దరం ఒకేసారి తీయబోయాం మేడమ్, అందుకే బిగుసుకుంది" అన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. కళ్ళు మాత్రం ఆమె చేతిలో ఫోను మీద ఉన్నాయి. "ఏమైనా దొరికిందా?"

"ఏముంటుందండీ! అనవసరంగా మీ సమయం పాడుచేశాను." తన గొంతు అంత మామూలుగా ఎలా వచ్చిందో ఆవిడకే ఆశ్చర్యం. "మోకాళ్ళు పట్టేశాయి, మెట్ల మీదుగా దిగుతాను. డాక్టరు నడవమన్నాడు."

"జాగ్రత్తగా దిగండి మేడమ్" అన్నాడాయన.

*

మెట్లదారిలో కిటికీ లేదు. బూడిదరంగు గోడలు, ఎర్ర గొట్టాలు. రెండు మలుపులు దిగి, గోడకి చేరబడి మరిదికి ఫోను చేసింది. "పైకి రా. మెట్ల మీదుగా రా. ఎవరికీ చెప్పకు." ఆ గొంతులో ఏం విన్నాడో, మారు మాట్లాడకుండా వచ్చాడు. తొమ్మిదో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి వగరుస్తున్నాడు.

చీమ చెప్పింది. గోడ మీద గుంటలు, నిచ్చెన, కూత. ఫోను అతని చెవికి ఆనించి వీడియో వినిపించింది.

"మైకు కూసి ఉంటుంది" అన్నాడు మరిది. గొంతులో బలం లేదు.

"ఏడో అంతస్తు లెక్క సగంలో ఆగింది. కూత అయ్యాక మళ్ళీ మొదలైంది, ఆయాసంతో. నిచ్చెన మోసినవాడి ఆయాసం అది. అతను నీ పక్కన లేడు. ఎందుకు అబద్ధమాడావు?"

"అబద్ధం కాదు. ఉన్నాడనే..."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

అతను చూడలేకపోయాడు. మెట్టు మీద కూలబడి నెత్తి మీది కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె పెళ్ళయి వచ్చేనాటికి పదకొండేళ్ళ వాడు. అచ్చం అప్పటి మొహం వచ్చేసింది.

"లెక్క మొదలుపెట్టేటప్పుడు ఉన్నాడు వదినా. తర్వాత అటు వెళ్ళాడు. ఎటు వెళ్ళాడో చూడలేదు. గొంతు వినిపిస్తూనే ఉంది కదా, ఇక్కడే ఎక్కడో ఉన్నాడనుకున్నాను. కూల్‌డ్రింకు ఇచ్చారు, ఫోటోలు తీస్తున్నారు." కళ్ళద్దాలు మడిచి చేతిలో పట్టుకున్నాడు. "నేనూ ఊపాను వదినా. ఈ చేత్తో ఊపాను. వాడు అక్కడ చస్తుంటే పోలీసు బట్టలేసుకుని నవ్వుతూ ఊపాను. ఆ సంగతి తలుచుకోలేక, అది ప్రమాదమే అయ్యుండాలని..."

చీమ అతని భుజం మీద చెయ్యి వేసింది. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ మింగేసింది.

"బావ తమాషా చూపిస్తానన్నాడట. ఏం తమాషా? డ్రిల్లులో అందరి ముందూ చూపించేది, ఈ సేఫ్టీ ఆఫీసరు మొహం మాడిపోయేది ఏముంటుంది?"

అంటూనే ఆవిడ చూపు గోడకున్న ఎర్ర గొట్టం మీద పడింది. మంటలు ఆర్పడానికి ప్రతి అంతస్తుకీ నీళ్ళు తెచ్చే గొట్టం అది. దాని చక్రం పట్టుకుని తిప్పింది. బిగుసుకుంది. మరిది లేచి తనూ ఒక చెయ్యి వేశాడు. చక్రం తిరిగింది. గొట్టం నోట్లోంచి పాము బుసలాంటి గాలి వచ్చింది. కొంచెం తుప్పు రాలింది. అంతే. పూర్తిగా తిప్పినా ఒక్క చుక్క నీరు రాలేదు.

మెట్ల మీద ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఈ బిల్డింగుకి నీళ్ళే లేవు" అంది చీమ మెల్లగా. "కిందున్న పంపులు ఎప్పుడో చచ్చాయి. అంతా భేషుగ్గా ఉందని ఏటా చెప్తున్నది ఇతనే. ఆ గొట్టం అందరి ముందూ తిప్పి చూపిస్తానని ఆ పిచ్చివాడు ఇతనితోనే అని ఉంటాడు. వేళాకోళంగానే అని ఉంటాడు. ఆ తమాషా కోసమే గంట మోగినా దిగకుండా పైనే ఉండిపోయి ఉంటాడు."

"ఇప్పుడు లోపల ఎంతమంది ఉన్నారు?" అన్నాడు మరిది. మొహం పాలిపోయింది.

"అందరూ."

అప్పుడు వాసన తగిలింది. ముందు చీమకి, ఆ వెంటనే అతనికి. కాలుతున్న రబ్బరు. మెట్ల మధ్య సందులోంచి వంగి చూస్తే అడుగున, చాలా లోతున, బూడిదరంగుది ఏదో కదులుతోంది. పొగ.

"పంపుల గది" అంది చీమ. "కింద ఇతను కూర్చునే, కెమెరాలన్నీ ఉండే కంట్రోలు రూము పక్కనే. అది తగలబడితే పంపులు మంట వల్లే పోయాయని చెప్పొచ్చు. అంతకుముందే చచ్చాయని ఇక ఎవడూ నిరూపించలేడు. నువ్వు దిగు. ఫైరింజన్లకి చెప్పు, వాణ్ణి పట్టుకో. నేను జనాన్ని కదిలిస్తాను."

"నువ్వు ఒక్కదానివే ఎలా..."

"వెళ్ళరా!"

ఇన్నేళ్ళలో మరిదిని 'రా' అనడం అదే మొదటిసారి. అతను రెండేసి మెట్లు దూకుతూ, ఫోనులో అరుస్తూ కిందికి పరుగెత్తాడు. గంటలేవీ మోగలేదు. మోగించాల్సినవాడే ఆపేశాడు.

చీమ తొమ్మిదో అంతస్తు తలుపు తోసుకుని లోపల పడింది. పొడవాటి హాలు. వరసల్లో బల్లలు, వాటి ముందు వందలమంది, చెవులకి హెడ్‌ఫోన్లు. తెల్లటి వెలుగు, చల్లటి గాలి. ఒకమ్మాయి ఫోనులో ఎవరికో ఓపికగా ఏదో వివరిస్తోంది.

"లేవండి! అందరూ లేవండి! కింద మంటలు! ఇటు కాదు, అటు చివరున్న మెట్లమీదుగా దిగండి!"

తలలు తిరిగాయి. కొందరు అర్థం కాక నవ్వారు. దగ్గరున్న నడివయసు మేనేజరు లేచి నిలబడ్డాడు. "ఎవరండీ మీరు? డ్రిల్లు మొన్ననే అయింది కదా?"

"డ్రిల్లు కాదు నాయనా! పొగ చూశాను, నా కళ్ళతో చూశాను. లే తల్లీ, నీకు దండం పెడతాను, లే!" ఆవిడ దొరికిన చెయ్యల్లా పట్టి లాగుతోంది. ఒకమ్మాయి సగం లేచింది. ఆ పక్క ఇద్దరు హెడ్‌ఫోన్లు తీశారు. మేనేజరు మొహంలో అనుమానం కదిలింది, ఆవిడ వచ్చిన మెట్ల తలుపు వైపు ఒక అడుగు వేశాడు.

అప్పుడు పైకప్పులోంచి గొంతు వచ్చింది. మెత్తగా, నెమ్మదిగా, ఎప్పటిలాగే.

"తొమ్మిదో అంతస్తులో ఉన్నవారికి మనవి. మీ దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చారు. చనిపోయిన మన బావకి దగ్గరి బంధువు. ఆ బాధలో ఆవిడకి మతి స్థిమితం తప్పింది. ప్రమాదం ఏమీ లేదు. ఎవరూ మెట్లవైపు రావద్దు. దయచేసి ఆవిడ్ని నొప్పించకుండా పట్టుకుని కూర్చోబెట్టండి. డాక్టరు వస్తున్నారు."

"అబద్ధం!" అని అరిచింది చీమ. "వాడే చంపాడు! వాడే..."

హాలంతా ఒక్కసారి జాలితో నిండిపోయింది. సగం లేచిన అమ్మాయి మళ్ళీ కూర్చుంది. మేనేజరు అడుగు వెనక్కి వచ్చింది. "అయ్యో, పాపం" అన్నారెవరో. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి చెరో భుజం పట్టుకున్నారు, గట్టిగా కాదు, సొంత అమ్మని పట్టుకున్నట్టు. ఆవిడ గింజుకుంది. వాళ్ళు వదల్లేదు.

"ఊరుకోండమ్మా, ఊరుకోండి. మాకూ బావంటే ప్రాణం."

"బాబూ, నా మాట వినండి. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు వెళ్ళి ఆ తలుపు తెరిచి చూడండి..."

"చూద్దాం అమ్మా. ముందు కూర్చోండి."

ఎవరో కుర్చీ తెచ్చారు. ఇంకెవరో విసనకర్రలా ఒక అట్ట ఊపుతున్నారు. ఒకమ్మాయి గ్లాసుతో నీళ్ళు తెచ్చి, వంగి, ఆవిడ పెదవులకి ఆనించింది. చుట్టూ మూగిన వాళ్ళందరి వీపులూ మెట్ల వైపే ఉన్నాయి. వాళ్ళ భుజాల సందులోంచి ఆ తలుపు కనిపిస్తున్నది చీమ ఒక్కదానికే. దాని అడుగు నుంచి సన్నటి బూడిదరంగు పొగ నేల మీదుగా బల్లల కిందికి పాకుతోంది.

"తాగండమ్మా" అంది ఆ అమ్మాయి.